మడమ, చీలమండ నొప్పులకీ మనసుకీ ఉన్న లింకు: బెంగళూరు తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిజియోథెరపీ గదిలో తెలుగువాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలే ఇవన్నీ. హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు, శ్రీకాకుళం నుంచి వచ్చి వైట్‌ఫీల్డ్‌లో స్థిరపడ్డవాళ్ళూ ఉన్నారు. ప్రశ్నల్ని వాళ్ళు అడిగిన తీరులోనే ఉంచాను. ఇది చదివి మందులు మొదలుపెట్టొద్దు, మానేయొద్దు. ఆ సంగతి మీ డాక్టరుతోనే మాట్లాడండి.

నొప్పి కాల్లో ఉంటే నిద్ర ఎలా ఉంది, దిగులుగా ఉందా అని ఎందుకు అడుగుతారు? నేనేమైనా నాటకాలాడుతున్నానా?

కాదండీ. ఆ ప్రశ్న వినగానే సగం మందికి కోపం వస్తుంది. "అంటే నా నొప్పి అబద్ధమా?" అంటారు. అంతకుముందు ఇంకెక్కడో ఎవరో "ఏమీ లేదమ్మా, అంతా టెన్షనే" అని పంపించేసి ఉంటారు కాబట్టి ఆ కోపంలో న్యాయముంది.

నొప్పి ఎక్కడ పుట్టినా, దాన్ని నొప్పిగా తేల్చేది మెదడే. నొప్పి మీద పరిశోధన చేసేవాళ్ళ అంతర్జాతీయ సంఘం 2020లో తన నిర్వచనాన్ని సవరించింది. అందులో కూడా నొప్పి అంటే శరీరానికి తెలిసేదీ, మనసుకి తెలిసేదీ రెండూ కలిసిన అనుభవమనే ఉంది. పాదం నుంచి బయల్దేరిన కబురు వెన్నుపాములో ఒక చోట ఆగి, పెద్దదై గానీ చిన్నదై గానీ పైకి వెళ్తుందని మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లోనే ప్రతిపాదించారు. వివరాలు ఆ తర్వాత చాలా మారాయి, మూలసూత్రం మాత్రం నిలబడింది. భయం, నిద్రలేమి, దిగులు ఆ కబురుని పెద్దది చేస్తాయి. ధైర్యం, మంచి నిద్ర, నలుగురితో కబుర్లు చిన్నది చేస్తాయి.

అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో కారు అలారం చూసే ఉంటారు. దొంగ ముట్టుకున్నా మోగుతుంది. సెట్టింగు మరీ సున్నితంగా పెడితే పిల్లి దూకినా మోగుతుంది. రెండుసార్లూ మోత నిజమే, మీకు నిద్ర చెడేదీ నిజమే. మనసు సంగతి అడిగేది ఆ సెట్టింగు ఎక్కడుందో తెలుసుకోవడానికి.

కాలి నొప్పి వల్ల దిగులా, దిగులు వల్ల కాలి నొప్పా?

రెండు వైపులా నడుస్తుంది. మడమ కింద నొప్పి ఉన్నవాళ్ళలో, లేనివాళ్ళతో పోలిస్తే దిగులు, ఆందోళన ఎక్కువగా కనిపిస్తున్నాయి. ఈ విషయం మీద మెల్‌బోర్న్‌లోని లా ట్రోబ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చాలా పనిచేశారు. అయితే ఇలాంటి అధ్యయనాల్లో ఎక్కువ భాగం ఒకే సమయంలో రెండింటినీ కొలిచినవి. రెండూ కలిసి ఉన్నాయని అవి చెప్పగలవు, ఏది ముందు వచ్చిందో చెప్పలేవు. "దిగులు వల్లే మడమ నొప్పి వస్తుంది" అని ఎవరైనా ఖాయంగా అంటే నమ్మకండి.

పాదానిది ఒక ప్రత్యేకమైన ఇబ్బంది, అందుకే ఈ ముడి ఇక్కడ ఇంకాస్త గట్టిగా పడుతుంది. భుజం నొప్పయితే ఆ చేతికి కొన్నాళ్ళు సెలవివ్వచ్చు. పాదానికి సెలవెక్కడ? బాత్రూముకెళ్ళాలన్నా దాని మీదే నిలబడాలి. 26 ఎముకలు, 33 కీళ్ళు ఉన్న ఆ చిన్న భాగం అడుగడుక్కీ నొప్పిని గుర్తుచేస్తుంది. పైగా మనసు బాగోనప్పుడు మనం చేసే మొదటి పని అలా బయటికెళ్ళి నడిచి రావడం. కాలి నొప్పి లాక్కునేది సరిగ్గా దాన్నే. వాకింగ్ పోతుంది, వాకింగ్‌లో కలిసేవాళ్ళు పోతారు, బరువు పెరుగుతుంది, ఆ బరువు మళ్ళీ మడమ మీదే పడుతుంది.

మా అమ్మ ఊళ్ళో బాగానే ఉండేది. పాపని చూసుకోవడానికి బెంగళూరు వచ్చాక మడమ నొప్పి మొదలైంది. ఈ ఊరి చలి పడలేదా?

చలి మీద తోసేయడం తేలిక. నేనైతే ముందు నేలని చూస్తాను, తర్వాత అమ్మగారి రోజు ఎలా గడుస్తోందో అడుగుతాను.

ఊళ్ళో ఆవిడ వాకిట్లో, పెరట్లో, మట్టి మీద తిరిగేది. ఇక్కడ ఉదయం ఆరింటి నుంచి విట్రిఫైడ్ టైల్స్ మీద వట్టి కాళ్ళతో నిలబడి దోసెలు వేస్తుంది, డబ్బాలు కడుతుంది, పాపని ఎత్తుకుని తిరుగుతుంది. టైల్ అస్సలు లొంగదు. యాభై దాటాక మడమ కింద కొవ్వు మెత్త కూడా పలచబడుతుంది. ఇంట్లో చెప్పులేసుకోవడం మనకి అలవాటు లేదు, "వంటింట్లో చెప్పులా, పక్కనే దేవుడి గది!" అంటారు. దానికి మా దగ్గర నడిచే రాజీ ఒకటుంది: బయటి నేల తొక్కని కొత్త జత, మెత్తటి ఎం.సి.ఆర్. (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులు, ఇంట్లోకి మాత్రమే. దేవుడి గది గడప దగ్గర విప్పేస్తే సరి. పొయ్యి ముందు మందపాటి మ్యాట్ ఒకటి వేయండి.

ఇక రెండో సంగతి. ఊళ్ళో సాయంత్రం గుడికెళ్ళి, దారిలో నలుగురిని పలకరించి, అరుగు మీద కూర్చుని వచ్చేది. ఇక్కడ పన్నెండో అంతస్తు. గేటు దగ్గర సెక్యూరిటీ కన్నడంలో అడుగుతాడు, పక్కింటావిడ హిందీలో నవ్వుతుంది. కొడుకూ కోడలూ లాప్‌టాప్‌ల ముందు. కాలు నొప్పని కిందికి దిగడం మానేశాక ఆవిడ రోజంతా మాట్లాడేది ఏడాది పాపతో, ఊళ్ళో చెల్లెలితో ఫోన్‌లో. "దిగులుగా ఉందా అమ్మా?" అంటే "నాకేం దిగులు, బంగారం లాంటి కొడుకు, కోడలు" అంటుంది. దిగులని ఒప్పుకుంటే పిల్లల్ని తప్పుపట్టినట్టు అవుతుందని ఆవిడ భయం. కాళ్ళు పీకుతున్నాయి, నీరసంగా ఉంది, తిండి సయించడం లేదు అని మాత్రం చెబుతుంది. మన పెద్దవాళ్ళ దిగులు చాలాసార్లు ఒంటి భాషలోనే బయటికొస్తుంది. దిగులుందా అని సూటిగా ప్రశ్న వేయకుండా "పొద్దున లేవగానే ఏమనిపిస్తుంది? ఊరు ఎప్పుడు గుర్తొస్తుంది?" అని అడిగి చూడండి.

రోజుకి ఒక పూట పాప బాధ్యత వేరేవాళ్ళు తీసుకుని ఆవిడని కిందికి పంపితే మడమకీ మనసుకీ ఒకేసారి వైద్యం మొదలవుతుంది. చాలా అపార్ట్‌మెంట్లలో తెలుగు పెద్దవాళ్ళు సాయంత్రాలు ఒక బెంచీ దగ్గర చేరుతుంటారు. ఆ బెంచీ ఎక్కడుందో మొదట మీరే దగ్గరుండి చూపించండి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రోజంతా కూర్చునే ఉంటాను. మరి నాకెందుకు మడమ నొప్పి?

కూర్చునే ఉంటారు కాబట్టే. పిక్క కండరం బిగుసుకుపోతుంది. ఐదు రోజులు కుర్చీలో ఉండి, శనివారం తెల్లవారుజామున నంది హిల్స్ మెట్లెక్కి, ఆదివారం కబ్బన్ పార్క్‌లో పరుగెడితే పాదం తట్టుకోలేదు. రిలీజ్ వారంలో నాలుగు గంటలు నిద్రపోయి చేస్తే ఇంకా ఎక్కువ. వారంలో మూడు నాలుగు చిన్న నడకలు పెట్టుకుని, దూరం మెల్లగా పెంచండి. ఆఫీసు ఒత్తిడి తగ్గించుకోండి అని నేను చెప్పను. సిల్క్ బోర్డు జంక్షన్‌లో గంటసేపు నిలిచిపోయినవాళ్ళకి ఆ సలహా చిరాకు తెప్పిస్తుంది.

ఎక్స్‌రేలో మడమ ఎముక పెరిగిందన్నారు. నడిస్తే గుచ్చుకుంటుందా? ఆపరేషన్ చేయించాలా?

చాలావరకు అక్కర్లేదు. ఆ ముల్లు లాంటి ఎముక నొప్పే లేనివాళ్ళ ఎక్స్‌రేల్లోనూ బోలెడు కనిపిస్తుంది. తీవ్రమైన నొప్పి ఉండి ముల్లు లేనివాళ్ళూ ఉన్నారు. ఎక్కువ మందిలో నొప్పి వచ్చేది మడమ నుంచి వేళ్ళ దాకా అరికాలి కింద సాగే దళసరి పట్టీ నుంచి, దాన్ని ప్లాంటార్ ఫేషియా అంటారు. పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగులు చచ్చేంత నొప్పి పెట్టి, నాలుగు అడుగులేశాక సర్దుకోవడం దీని ముఖ్య లక్షణం. ఆపరేషన్ లేకుండానే ఎక్కువ మందికి ఏడాది లోపు తగ్గుతుంది. ఏడాది అంటే పెద్ద గడువే, కాదనను. "ఇంకా తగ్గలేదే" అనే బెంగ పట్టుకునేది ఈ గడువు సంగతి ముందే చెప్పకపోవడం వల్ల.

ఎముక పెరిగింది అన్న ఒక్క మాట మనిషిని ఎంత భయపెడుతుందో నేను రోజూ చూస్తుంటాను. అడుగేసినప్పుడల్లా లోపల మేకు దిగుతున్నట్టు ఊహించుకుని, మడమ ఆనించకుండా వేళ్ళ మీద నడిచి, పిక్క నొప్పి, మోకాలి నొప్పి కూడా తెచ్చుకుంటారు.

కాలు బెణికి ఆరు నెలలైంది. వాపు పోయింది. అయినా మెట్లు దిగాలంటే గుండె దడ. ఇది పిరికితనమా?

పిరికితనం కాదు. ఒకసారి దెబ్బ తిన్న చోటుని మెదడు కాపలా కాస్తోంది. మొదట్లో అది మంచిదే. వాపు తగ్గాక కూడా కాపలా ఆగకపోతే చిక్కు: భయంతో ఆ కాలిని వాడం, వాడకపోతే పిక్కలో బలం, చీలమండకి నిలకడ తగ్గుతాయి, దాంతో మళ్ళీ మడత పడుతుంది, భయం నిజమని తేలిపోతుంది. కదలికంటే ఉన్న ఈ భయాన్ని కొలవడానికి 17 ప్రశ్నల టాంపా స్కేలు అని ఒకటుంది. "జాగ్రత్తగా నడవండి" అని పదేపదే చెప్పే ఇంట్లోవాళ్ళు, పాపం ప్రేమతోనే, దీన్ని పెంచుతుంటారు.

దీనికి మందు భయపడే పనినే చిన్న ముక్కలుగా చేయడం. వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం. తర్వాత చెయ్యి వదిలి. తర్వాత దిండు మీద. ఒక మెట్టు దిగి, ఎక్కి. ప్రతి మెట్టు దగ్గరా కాస్త నొప్పి రావచ్చు. మర్నాటికి అది మామూలుకొస్తే మీరు దారిలోనే ఉన్నట్టు.

కొత్త బెణుకైతే ఇంకో సంగతి చూడాలి. దెబ్బ తగలగానే, ఆస్పత్రికి వచ్చాక కూడా నాలుగడుగులు వేయలేకపోతే, లేదా చీలమండకి రెండు పక్కలా పొడుచుకొచ్చిన ఎముక వెనక అంచు మీద, కొన మీద నొక్కితే నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించాల్సిందే. చిత్తూరు వైపు వాళ్ళు నేరుగా పుత్తూరు కట్టుకి బండి కట్టిస్తారు. ఆ నమ్మకంతో నేను వాదన పెట్టుకోను, ముందు ఎక్స్‌రే తీయించండి అని మాత్రం బతిమాలుకుంటాను.

బెణుకు చిన్నదే, కానీ వారాలు గడిచేకొద్దీ కాలంతా మంట, రంగు మారుతోంది, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నాను.

ఇది తక్షణం చూపించాలి. కాంప్లెక్స్ రీజనల్ పెయిన్ సిండ్రోమ్ కావచ్చు. ఒకప్పుడు దీన్ని మానసికమని కొట్టిపారేసేవారు. అది తప్పు, ఇది నాడీ వ్యవస్థ గతి తప్పడం వల్ల వచ్చే జబ్బు. త్వరగా మొదలుపెడితే మెరుగు.

అరికాళ్ళ మంటలు. అందరూ వేడి చేసింది, టెన్షన్ అంటున్నారు.

టెన్షన్ అనే ముందు రక్తపరీక్షలు చేయించండి. షుగరు, విటమిన్ బి12, థైరాయిడ్. షుగరు వల్ల నరాలు దెబ్బతింటే మంటలు, తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టు ఉండటం రెండు పాదాల్లోనూ వేళ్ళ దగ్గర మొదలవుతాయి, రాత్రిపూట ఎక్కువవుతాయి. ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర వేసుకునేవాళ్ళకీ, మాంసం ముట్టనివాళ్ళకీ బి12 తగ్గచ్చు. బి12 తగ్గితే మంటలే కాదు, నీరసం, మతిమరుపు, దిగులు కూడా వస్తాయి. ఒకే లోటు కాల్లోనూ మనసులోనూ కనబడటం ఇక్కడే చూస్తాం.

వేడి ఇటుక మీద జిల్లేడాకు వేసి తొక్కడం, ఉప్పేసిన వేడినీళ్ళలో కాళ్ళు పెట్టడం మనకి అలవాటైన చిట్కాలు. స్పర్శ తగ్గిన షుగరు పాదానికి ఇవి వద్దు. కాలింది కూడా తెలియదు. మర్నాడు బొబ్బ చూసి తెలుసుకుంటారు.

మడమ నొప్పికని వెళ్తే డిప్రెషన్ మాత్ర రాశారు. మెడికల్ షాపులో చెప్పేదాకా తెలియలేదు. వేసుకోవాలా?

డాక్టరు నోటితో చెప్పి ఉండాల్సింది, మీ కోపం సబబే. కానీ మాత్ర సబబు కావచ్చు. డులోక్సెటిన్ దిగులుకి వాడతారు, షుగరు వల్ల వచ్చే నరాల నొప్పికీ వాడతారు, దీర్ఘకాలిక కండరాల, కీళ్ళ నొప్పులకీ వాడతారు. అమిట్రిప్టిలిన్‌ని చాలా తక్కువ మోతాదులో నరాల నొప్పికి రాత్రిపూట ఇస్తారు. నొప్పి కబురుని వెన్నుపాములో అణిచే రసాయనాల మీద ఇవి పనిచేస్తాయి కాబట్టి దిగులు లేనివాళ్ళకీ పనికొస్తాయి. గుణం కనబడటానికి వారాలు పడుతుంది. బాగుంది కదా అని హఠాత్తుగా ఆపితే తల తిరగడం, వికారం, షాకు కొట్టినట్టు ఉండటం రావచ్చు. ఆపాలంటే డాక్టరుతో చెప్పి మెల్లగా తగ్గించాలి. పెద్ద వయసువాళ్ళకి అమిట్రిప్టిలిన్ వల్ల మగత వచ్చి పడిపోయే ప్రమాదముంది, రాత్రి లేచేటప్పుడు చూసుకోవాలి.

నాది షాపులో నిలబడే ఉద్యోగం. కూర్చుంటే ఓనరు ఊరుకోడు.

గార్మెంట్ ఫ్యాక్టరీలో చెకింగ్ టేబుల్ దగ్గర, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర, మాల్ కౌంటర్ల దగ్గర నిలబడే తెలుగువాళ్ళు ఈ ఊళ్ళో తక్కువేం కాదు. వాళ్ళకి "విశ్రాంతి తీసుకోండి" అని రాసి పంపడం నాకే సిగ్గుగా ఉంటుంది. పక్కనున్న కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల సిబ్బందికి కూర్చునే ఏర్పాటు ఉండాలని చట్టం సవరించాయి. అడగడానికి ఆ ఉదాహరణలు పనికొస్తాయి. చిన్న పీట మీద ఒక్కో కాలు మార్చి మార్చి పెట్టుకోవడం, గంటకోసారి పదిసార్లు మడమలెత్తి దించడం ఎవరి అనుమతీ లేకుండా చేయచ్చు. ఉద్యోగం పోతుందేమోనన్న భయం నొప్పిని పెంచుతుంది, అది నేను మాన్పలేను. డాక్టరు చీటీలో "గంటకి ఐదు నిమిషాలు కూర్చోనివ్వాలి" అని రాయించుకోండి, కొన్నిచోట్ల పనిచేస్తోంది.

ఇంట్లో చేసుకోవడానికి ఒక్కటంటే ఒక్క వ్యాయామం చెప్పండి.

అరికాలి పట్టీ నొప్పికైతే ఇది. మెట్టు అంచు మీద ముంగాలు ఆనించి, చుట్టిన తువాలు వేళ్ళ కింద పెట్టండి. గోడ పట్టుకుని మూడు సెకన్లలో మడమ లేపండి, రెండు సెకన్లు ఆగండి, మూడు సెకన్లలో దించండి. పన్నెండు సార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు. ఒంటికాలితో కష్టమైతే రెండు కాళ్ళతో మొదలుపెట్టండి. డెన్మార్క్‌లో 2014లో దీన్ని మామూలు స్ట్రెచింగ్‌తో పోల్చి చూస్తే మూడు నెలలకి దీనిదే పైచేయి అయింది, ఏడాదికి రెండూ సమానమయ్యాయి. కాబట్టి ఇది కుదరనివాళ్ళు స్ట్రెచింగే చేయండి: కూర్చుని, కాలి వేళ్ళని చేత్తో వెనక్కి లాగి పది సెకన్లు, పదిసార్లు, మంచం దిగక ముందే.

వ్యాయామం చేసేటప్పుడు కాస్త నొప్పి వస్తే ఏదో చిరిగిపోతోందని కాదు. ఈ ఒక్క ముక్క అర్థమైనవాళ్ళు మిగతావాళ్ళకంటే త్వరగా కోలుకోవడం గమనిస్తుంటాను.

నిద్రమాత్ర వేసుకుంటే నొప్పి తగ్గుతుందా?

మాత్ర సంగతి డాక్టరుకి వదిలేయండి. నిద్ర సంగతి మాత్రం తేల్చుకోవాలి. నిద్ర తక్కువైన మర్నాడు అదే దెబ్బ ఎక్కువ నొప్పిగా తెలుస్తుంది, పరీక్షల్లో తేలిన విషయమే. పడుకున్నాక ఫోన్‌లో మడమ నొప్పి వీడియోలు చూడటం ఆపేస్తే సగం పని అయినట్టే.

దిగులు మామూలుదా, చూపించాల్సినదా, ఎలా తెలుస్తుంది?

గడిచిన రెండు వారాల్లో ఎక్కువ రోజులు మనసు బాగోకపోయినా, ఇదివరకు నచ్చిన పనుల మీద ఆసక్తి పోయినా చూపించండి. డాక్టర్లు వాడే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రంలో మొదటి రెండూ ఇవే. చనిపోవాలనిపిస్తే రేపటిదాకా ఆగొద్దు.

మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రోజంతా ఉంటుంది, తెలుగు ఎంచుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. ఈ కార్యక్రమానికి పెద్దదిక్కు మన ఊళ్ళోనే, హోసూరు రోడ్డులో ఉన్న నిమ్హాన్స్ (మానసిక, నరాల జబ్బుల జాతీయ సంస్థ). నిమ్హాన్స్ పేరెత్తగానే "పిచ్చాసుపత్రికా?" అనే పెద్దలున్నారు. అక్కడి ఓపీ వరుసలో తలనొప్పికి, ఫిట్స్‌కి, నరాల జబ్బులకి వచ్చినవాళ్ళే బోలెడుమంది కనబడతారు. అక్కడికి వద్దనుకుంటే బీటీఎం లేఅవుట్‌లో వాళ్ళదే సెంటర్ ఫర్ వెల్ బీయింగ్ ఉంది, ఆస్పత్రి వాతావరణం ఉండదు.

ఇన్సూరెన్సు మానసిక వైద్యానికి ఇస్తారా?

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం శరీర జబ్బులకి ఇచ్చినట్టే ఇవ్వాలి. ఆస్పత్రిలో చేరితే మాట ఇది. ఓపీ ఖర్చు మీ పాలసీని బట్టి ఉంటుంది.

మనసు సంగతి పక్కన పెట్టి వెంటనే పరుగెత్తాల్సినవి ఏవి?

పాదం మీద పుండు, అదీ షుగరు ఉంటే. ఎర్రగా వాచి జ్వరం. ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉండటం, ఆయాసం తోడైతే నేరుగా ఎమర్జెన్సీకే. మడమ వెనక ఫట్‌మని శబ్దమొచ్చి ముంగాళ్ళ మీద లేవలేకపోవడం. పాదం చల్లబడి పాలిపోవడం. రాత్రికి రాత్రి బొటనవేలు మొదట్లో ఎర్రగా వాచి ముట్టుకోనివ్వకపోతే గౌట్ అనే కీళ్ళ జబ్బు అయి ఉండచ్చు, అది ఒక్కరోజు ఆగినా ఫరవాలేదు గానీ ఆ నొప్పితో మీరే ఆగరు.

ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలి? ఏం తీసుకెళ్ళాలి?

పాదాలకే ప్రత్యేకంగా డాక్టర్లు మన దగ్గర చాలా అరుదు. ఎముకల డాక్టరు గానీ, ఫిజికల్ మెడిసిన్ డాక్టరు గానీ చూసి, ఏ జబ్బో తేల్చాక ఫిజియో. వచ్చేటప్పుడు కొత్త బూట్లు వేసుకుని రాకండి. రోజూ వాడే పాత చెప్పులు తెండి, ఏ పక్క అరిగిందో చూస్తే మీరెలా నడుస్తారో తెలుస్తుంది. వేసుకునే మాత్రలన్నీ, దిగులుకి వాడేవి దాచకుండా, ఒక కవర్లో వేసుకుని రండి. ఇంట్లోవాళ్ళ ముందు చెప్పలేని సంగతులేమైనా ఉంటే లోపలికి ఒక్కరే రండి. వాళ్ళని బయట కూర్చోమని నేనే చెబుతాను.